వాడిన కాంపాక్ట్ క్రాసోవర్ కొనే రోజే రీసేల్ ధర లెక్క చూసుకోండి

మీ ప్రశ్న ఇది: 4 ఏళ్ల వయసు, 58,000 కి.మీ. రీడింగ్, పెట్రోల్ ఇంజిను, సీవీటీ (మెట్లు లేకుండా నిష్పత్తి మార్చుకునే ఆటోమేటిక్) గేర్‌బాక్సు, ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ బలం వెళ్లే ఏర్పాటు) ఉన్న కాంపాక్ట్ క్రాసోవర్ ఒకటి చూశారు. కొనొచ్చా, ఇంకో 4 ఏళ్లు వాడి అమ్మితే ఎంత వస్తుంది అని అడిగారు. ఈ రెండిటినీ విడదీసి ఆలోచించకండి. ఇవాళ ఆ బండిలో మీకు ఏది అనుమానంగా ఉందో, 4 ఏళ్ల తర్వాత మీ దగ్గర కొనేవాళ్లకూ అదే అనుమానంగా ఉంటుంది. తేల్చుకోలేని ప్రతి అనుమానానికీ వాళ్లు ధర తగ్గించే అడుగుతారు. ఇవాళ మీరు దాన్ని తేల్చుకుని, ఆ రుజువు కాగితం రూపంలో దాచిపెడితే, అమ్మే రోజున ఆ కోత ఉండదు. రీసేల్ విలువలో మీ చేతిలో ఉన్న భాగం దాదాపుగా ఇదే. మిగతాది మోడల్‌ది, మార్కెట్‌ది.

ముందు ధర సంగతి.

కొత్త బండి ధరను 100 వంతులు అనుకోండి. మొదటి ఏడాదిలోనే 15 నుంచి 25 వంతులు పోతాయి. 3 ఏళ్లకు సుమారు 60, 5 ఏళ్లకు 45-50 మిగలడం చాలా మోడళ్లకు మామూలు. అంకెలు మోడల్‌ని, మార్కెట్‌ని బట్టి అటూ ఇటూ అవుతాయి, పడే తీరు మాత్రం ఒకటే: మొదట నిటారుగా, తర్వాత మెల్లగా. 3-4 ఏళ్ల బండి కొనడంలో ఉన్న లాభం అక్కడే ఉంది, నిటారు భాగం మొదటి యజమాని ఖాతాలో పోయింది.

అయితే రీసేల్ బాగున్న బండే కొనాలి అనే మాటను వాడిన బండి కొనేవాళ్లు కొంచెం ఆగి చూడాలి. ఆ పేరుకు కొనేటప్పుడే మీరు డబ్బు కడుతున్నారు. ఒక లెక్క చూడండి. కొత్తగా ఉన్నప్పుడు రెండూ 100 వంతులే పలికిన రెండు బండ్లు. మంచి రీసేల్ పేరున్నది ఇవాళ 58కి దొరుకుతోంది, 4 ఏళ్ల తర్వాత 38కి పోతుంది. మీకు తరుగు 20. అంత పేరు లేనిది 48కి దొరుకుతోంది, తర్వాత 26కి పోతుంది. తరుగు 22. శాతాల్లో చూస్తే మొదటిది 65 నిలిపింది, రెండోది 54, ఎంతో తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. జేబులోంచి పోయిన దాంట్లో తేడా 2 వంతులే. పైగా మొదటి బండికి అదనంగా పెట్టిన ఆ 10 వంతులు అప్పు తెచ్చినవైతే, 9 శాతం వడ్డీతో 48 నెలల వాయిదాల్లో వడ్డీయే దాదాపు 2 వంతులు అవుతుంది. తేడా అక్కడితో సరి. కాబట్టి శాతాన్ని పక్కనపెట్టి, కొన్న ధరలోంచి అమ్మే ధర తీసేసి, దానికి వడ్డీ, రిపేర్లు, ఇన్సూరెన్స్ కలిపి, తిరగబోయే కిలోమీటర్లతో భాగించండి. కిలోమీటరుకు ఎంత పడుతుందో ఆ అంకెతోనే రెండు బండ్లను పోల్చాలి.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. ఒకే బండికి ఒకే రోజున మూడు ధరలుంటాయి. డీలరు కొనే ధర అన్నిటికన్నా తక్కువ. మనిషి నుంచి మనిషికి నేరుగా అమ్మే ధర మధ్యలో. డీలరు వారంటీ పెట్టి అమ్మే ధర పైన. డీలరు దగ్గర పై ధరకు కొని, నాలుగేళ్లకు డీలరుకే కింది ధరకు ఇచ్చేసి, మోడల్‌కు రీసేల్ లేదని అంటారు. ఆ తేడాలో ఒక పెద్ద ముక్క కొన్న రోజే పోయింది, దానికి మోడల్ ఏం చేస్తుంది. మీరు ఏ ధరకు కొంటున్నారో, ఏ ధరకు అమ్మగలరో ముందే అనుకోండి. నేరుగా అమ్మే ఓపిక ఉంటే ఆ లెక్క వేరు.

ఈ బండికి సరైన ధర తెలియాలంటే ప్రకటనలు 12-15 పోగేయండి. అదే తరం, అదే ఇంజిను, అదే గేర్‌బాక్సు, అదే డ్రైవ్, అదే వేరియంట్ అయి ఉండాలి. పైన రెండు, కింద రెండు తీసేసి, మిగిలినవాటిలో మధ్యది పట్టుకోండి. అది అడిగే ధర మాత్రమే, అమ్ముడుపోయే ధర కాదు. అందుకే రెండు మూడు వారాలు అవే ప్రకటనలను గమనించాలి. ఏది వారంలో మాయమైంది, ఏది ఎంత తగ్గించుకుంటూ వచ్చింది, ఏది అలాగే పడి ఉంది అన్నది చూస్తే అసలు ధర ఎక్కడుందో కనిపిస్తుంది. నెల దాటి ఉన్న ప్రకటన బేరానికి మంచి చోటు.

రీడింగ్ విషయానికొస్తే, 4 ఏళ్లకు 58,000 అంటే ఏడాదికి 14,500. ఇది మామూలే, ఎక్కువా కాదు తక్కువా కాదు. కానీ మీరూ అదే వరసలో తిప్పితే అమ్మేనాటికి 1,16,000 అవుతుంది. లక్ష అనే అంకె దగ్గర కొనేవాళ్ల మనసు ఒక గీత గీసుకుంటుంది. ఇంజినుకు 98,000కీ 1,03,000కీ పెద్ద తేడా లేకపోయినా, వెతికేటప్పుడు లక్ష లోపు అని పెట్టుకుని వెతుకుతారు, మీ బండి వాళ్ల కంట పడదు. రెండున్నరేళ్లకు 94,000 దగ్గర అమ్మడమా, లేక లక్ష దాటించి ఇంకా ఎక్కువ కాలం వాడుకోవడమా అన్నది ఇప్పుడే అనుకోండి. 1,05,000 దగ్గర అమ్మడం రెంటికీ చెడుతుంది.

తక్కువ తిరిగిన బండి మీద అతి మోజు వద్దు. 4 ఏళ్లకు 15,000 తిరిగిందంటే చాలావరకు ఇంజిను పూర్తిగా వేడెక్కని చిన్న చిన్న ట్రిప్పులే. ఆయిల్లో ఇంధనం, తేమ కలుస్తాయి, బ్యాటరీ ఎప్పుడూ పూర్తిగా చార్జ్ కాదు, బ్రేకు డిస్కులు తుప్పుతో గాట్లు పడతాయి, టైర్లు అరగకుండానే ముదురుతాయి. హైవే మీద ఏటా 18,000 తిరిగి, వేళకు ఆయిల్ మార్చిన బండి అంతకన్నా మేలు, ధరా తక్కువే ఉంటుంది.

తరం మారే వేళ కూడా చూసుకోవాలి. ఒక తరం సుమారు 5-7 ఏళ్లు నడుస్తుంది, మధ్యలో ముఖం మార్చి ఫేస్‌లిఫ్ట్ వస్తుంది. హోండా సీఆర్-వీనే చూడండి: మొదటి తరం 1995లో, తర్వాతివి 2001, 2006, 2011, 2016, 2022లో వచ్చాయి. కొత్త తరం వచ్చిన వెంటనే పాతది ఒక మెట్టు దిగుతుంది. ఆ మెట్టు దిగాక కొంటే లాభం మీది, దిగబోయే ముందు కొంటే నష్టం మీది. మీరు చూసిన మోడల్ ప్రస్తుత తరం మొదలై ఎన్నేళ్లయిందో లెక్కపెట్టండి. 5 దాటితే ఆ మెట్టు మీ చేతిలో ఉండగానే వస్తుంది, ఆ మేరకు ఇప్పుడే తగ్గించి అడగండి. తయారైన ఏడాది, మోడల్ ఏడాది, రిజిస్టర్ అయిన ఏడాది వేరువేరుగా ఉండొచ్చు. అమ్మేవాళ్లు వీటిలో కొత్తగా కనిపించేది చెబుతారు, రేపు కొనేవాళ్లు పాతది పట్టుకుంటారు.

వేరియంట్‌లో మధ్యస్థమైనదే అమ్ముకోవడానికి సుఖం. పైనున్న వేరియంట్‌కు కొత్తలో కట్టిన అదనపు డబ్బులో పనోరమిక్ సన్‌రూఫ్, పెద్ద అల్లాయ్‌లు, బ్రాండెడ్ సౌండ్ సిస్టం వంటివాటికి పెట్టింది వాడిన మార్కెట్లో చాలా తక్కువ తిరిగొస్తుంది. కొనేవాళ్లకు అది లాభమే, దాదాపు మధ్య వేరియంట్ ధరకే పైది దొరుకుతుంది. తెలుపు, నలుపు, వెండి, బూడిద రంగులు తొందరగా పోతాయి. ఆల్ వీల్ డ్రైవ్ విలువ చోటును బట్టి ఉంటుంది. మంచు, ఏటవాలు, బురద ఉన్నచోట దాన్నే వెతుకుతారు, చదునైన పొడి నేలలో అది అదనపు ఇంధనం, అదనపు ఆయిల్, అదనపు భయం.

ఇక బండి దగ్గరికి

చల్లగా ఉండగానే చూడాలి. వెళ్లేసరికి బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంటే, మరో రోజు వస్తామని చెప్పి రండి. చల్లని స్టార్ట్ చెప్పే నిజాలు వేడెక్కిన ఇంజిను చెప్పదు. ఇంజిన్ వాల్వులను వేళకు తెరిపించే టైమింగ్ చైన్ సాగితే మొదటి రెండు మూడు సెకన్లలో గొలుసు గలగల వినిపిస్తుంది, ఆయిల్ ప్రెషరు రాగానే ఆగిపోతుంది. స్టార్ట్ చేసేటప్పుడు సైలెన్సర్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. తెల్లటి ఆవిరి వేడెక్కాక కూడా ఆగకుండా తియ్యటి వాసన వేస్తే కూలెంట్ లోపలికి పోతోంది.

స్టార్ట్ చేసే ముందే ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి. మట్టం తక్కువైతే బండి ఆయిల్ తింటోంది, లేదా ఎవరూ పట్టించుకోలేదు. గరిష్ఠ గీతకు పైన ఉండి పెట్రోల్ వాసన వస్తే ఆయిల్లో ఇంధనం కలుస్తోంది. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లలో చల్లని వాతావరణం, చిన్న ట్రిప్పులు కలిస్తే ఇది జరుగుతుంది. హోండా 1.5 లీటర్ల టర్బో ఉన్న 2017-18 సీఆర్-వీలలో ఈ సంగతి బాగా బయటికొచ్చింది. పలచబడ్డ ఆయిల్ బేరింగుల మీద పొరను నిలపలేదు.

మోడల్‌కు సొంతమైన జబ్బు తెలుసుకోకుండా బండి చూడ్డానికి వెళ్లకండి. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్‌లో, ప్యూజో-సిట్రోయెన్ 1.2 ప్యూర్‌టెక్‌లో టైమింగ్ బెల్టు ఇంజిన్ ఆయిల్లోనే మునిగి తిరిగే రకం వాడారు. సరిపడని ఆయిల్ పోసినా, ఆలస్యంగా మార్చినా బెల్టు పొరలుగా ఊడి, ఆ ముక్కలు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడతాయి. ప్యూర్‌టెక్‌లో అయితే ఆయిల్ పోసే మూత తీస్తే బెల్టు కనిపిస్తుంది, ఉబ్బిందో లేదో వెడల్పు కొలిచే గేజ్ ఉంది. హ్యుందాయ్-కియా తీటా 2 కుటుంబం ఇంజిన్లలో కనెక్టింగ్ రాడ్ బేరింగుల సమస్యకు అమెరికాలో 2015లో, 2017లో రీకాళ్లు (లోపం సరిచేయడానికి తయారీదారే బండ్లను వెనక్కి పిలవడం) జరిగాయి. వీటిలో ఏ ఇంజిన్ ఉన్నా బండి వద్దనక్కర్లేదు, పని జరిగిందని బిల్లు ఉంటే సరిపోతుంది. విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) పెట్టి పెండింగ్ రీకాళ్లు ఉన్నాయేమో తయారీదారు వెబ్‌సైట్లో చూడండి, ఆ పనులు మామూలుగా ఉచితం. ఆ నంబరులో 17 అక్షరాలు-అంకెలు ఉంటాయి, ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు ఉండవు. బాడీ మీద, అద్దం కింద, తలుపు దగ్గరి స్టిక్కర్‌లో, కాగితాల్లో నాలుగు చోట్లా ఒకటే కావాలి.

సీవీటీ

మీరు చూసిన బండిలో డబ్బు పోతే ఇక్కడే పోతుంది, అందుకే దీని దగ్గర ఆగుదాం. లోపల రెండు శంకువు ఆకారపు పుల్లీల మధ్య స్టీలు బెల్టు, కొన్నిట్లో చైను, ఉంటుంది. ఇంజిన్ బలమంతా ఆ లోహం పుల్లీని పట్టుకునే పట్టు మీదుగానే చక్రాలకు వెళ్తుంది. ఆ పట్టు నిలిచేది సీవీటీ ఆయిల్ వల్ల. ఆయిల్ వేడికి చెడితే పట్టు జారుతుంది, జారితే పుల్లీ మీద గీతలు పడతాయి, ఆ లోహపు పొడి ఆయిల్ ప్రెషరును నడిపించే వాల్వ్ బాడీలోకి పోతుంది. అక్కడి నుంచి గేర్‌బాక్సు మార్చడమే, బాగుచేసేవాళ్లు అరుదు. ఆ ఖర్చు 8 ఏళ్ల బండి విలువలో మూడో వంతుకు పోవడం మామూలు.

కొందరు తయారీదారులు ఆయిల్ జీవితకాలం ఉంటుందని రాస్తారు. ఆ జీవితం వారంటీ జీవితం అనుకోండి. 40,000-60,000 కి.మీ.లకు ఒకసారి మార్చాలి, బరువు లాగినా, ఎండల్లో ట్రాఫిక్‌లో తిరిగినా ఇంకా ముందే. డ్రైన్ ప్లగ్ తీస్తే మొత్తంలో సగం అటూ ఇటుగానే దిగుతుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్‌ను గేర్‌బాక్సుతో కలిపే భాగం), కూలర్‌లో, వాల్వ్ బాడీలో ఉండిపోతుంది. అందుకే ఎప్పుడూ మార్చని బండిలో ఒకసారి మార్చి, కొన్ని వేల కి.మీ. తర్వాత రెండోసారి మార్చడం పద్ధతి. పుస్తకంలో చెప్పిన గ్రేడే పోయాలి. మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే బెల్టు జారిపోతుంది. మట్టం చూడాల్సిన ఉష్ణోగ్రత కూడా పుస్తకంలో ఉంటుంది, చల్లని దాంట్లో చూసి నింపితే తప్పు మట్టం.

పరీక్ష ఇలా చేయండి. బ్రేకు నొక్కి డీలో (ముందుకు), ఆర్‌లో (వెనక్కి) వేయండి. ఒక సెకనులో మెత్తగా పట్టుకోవాలి, రెండు సెకన్లు ఆలోచించి దబ్బున పట్టుకుంటే మంచిది కాదు. 20-40 కి.మీ. వేగంలో యాక్సిలరేటర్ చాలా తేలిగ్గా నొక్కి ఉంచండి. గరుకు రోడ్డు మీద వెళ్తున్నట్టు వణుకు వస్తే అది టార్క్ కన్వర్టర్ లాకప్‌ది కావచ్చు, బెల్టు జారడం కావచ్చు. వేగంతోపాటు పెరుగుతూ సన్నగా ఈల వేసినట్టు మోత వస్తే బేరింగు. ఇవన్నీ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, 35-40 నిమిషాలు నడిపాక ఒకసారి చెయ్యాలి. సీవీటీ జబ్బు ఎక్కువగా వేడి మీదే బయటపడుతుంది, అమ్మేవాళ్లు ఇచ్చే 10 నిమిషాల డ్రైవ్‌లో అది కనిపించదు. ఎత్తున్న రోడ్డు దొరికితే అక్కడ ఆపి ముందుకూ వెనక్కూ ఎక్కించండి. ఇంజిన్ రెవ్ పెరిగి బండి కదలకపోతే దిగి వచ్చేయండి, ధర ఎంత తగ్గించినా వద్దు.

ఆల్ వీల్ డ్రైవ్

ఈ తరహా బండ్లలో చాలావరకు ముందు చక్రాలే నడుస్తుంటాయి, జారినప్పుడు వెనక డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకూ బలం పంచే గేర్ల పెట్టె) దగ్గరున్న కప్లింగ్‌లోని క్లచ్ ప్లేట్లు వెనక చక్రాలను కలుపుతాయి. నాలుగు టైర్ల చుట్టుకొలత ఒకటే ఉండాలన్నది దీని ప్రాణం. ముందు రెండు కొత్తవి, వెనక రెండు అరిగినవి ఉంటే చక్రాలు వేరువేరు వేగాల్లో తిరుగుతాయి, కప్లింగ్ ఎప్పుడూ ఆ తేడాను మింగుతూ వేడెక్కుతుంది. అందుకని ట్రెడ్ (టైరు గాడి) లోతు నాలుగు చోట్లా కొలవండి, 1.5 మి.మీ. మించి తేడా ఉండకూడదు. వేరువేరు కంపెనీల టైర్లు కనిపిస్తే, ఎన్నాళ్లుగా అలా తిరిగిందని అడగండి.

ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా తిరగండి. వెనక నుంచి మూలుగు, కుదుపు వస్తే కప్లింగ్ ఆయిల్ చెడింది, లేదా ప్లేట్లు పోయాయి. చాలాసార్లు ఆయిల్ మారిస్తే తగ్గుతుంది, కానీ తగ్గుతుందని మీరు నమ్మి కొనకూడదు, అమ్మేవాళ్లను మార్పించమనండి. లిఫ్ట్ మీద ఎత్తినప్పుడు ముందు గేర్‌బాక్సు పక్కన ఉండి బలాన్ని వెనక్కి పంపే ట్రాన్స్‌ఫర్ యూనిట్ చుట్టూ తడి ఉందేమో చూడాలి. అందులో పట్టేది సాధారణంగా లీటరు లోపే. అంత కొంచెం ఆయిల్ కారి సగమైతే గేర్లు ఎండిపోయి ఏడుస్తాయి.

మీరు ఎంచుకున్నది హైబ్రిడ్ అయితే వేరే చెప్పేదాన్ని. ఒక్క మాట: 2019 నుంచి వచ్చిన కొన్ని టయోటా ఆర్ఏవీ4 హైబ్రిడ్ ఆల్ వీల్ డ్రైవ్‌లలో వెనక మోటారుకు వెళ్లే హై వోల్టేజీ కేబుల్ కనెక్టరు, మంచు కరగడానికి ఉప్పు చల్లే రోడ్ల మీద తుప్పు పట్టేది. అలాంటిది కొనేవాళ్లు కింద పడుకుని ఆ కనెక్టరు చూడాలి.

స్కానర్ చెప్పే నిజం

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (బండి కంప్యూటర్‌ను చదివే చోటు) చిన్న స్కానర్ పెట్టండి. లోపాలను చెప్పే కోడ్‌లు లేవు అని చూసి సంతోషపడితే పని సగమే అయింది. రెడీనెస్ మానిటర్ల పేజీ తెరవండి. క్యాటలిస్ట్, ఆక్సిజన్ సెన్సర్, ఆవిరి నియంత్రణ వంటి స్వీయపరీక్షల్లో రెండు మూడు ఇంకా పూర్తికాలేదని చూపిస్తే, ఈ మధ్యే ఎవరో కోడ్‌లు చెరిపారు, లేదా బ్యాటరీ తీశారు. కోడ్ చెరిపాక తిరిగిన దూరం అనే లైను కూడా చాలా బండ్లలో వస్తుంది. అక్కడ 18 కి.మీ. అని ఉండి, బండికి ఏ సమస్యా రాలేదని చెబితే, ఆ రెండూ పొసగవు.

స్టార్ట్ చేయడానికి తాళం చెవి తిప్పగానే ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ లైట్లు వెలిగి తర్వాత ఆరాలి. ఎయిర్‌బ్యాగ్ లైటు అసలు వెలగకపోతే, బల్బు తీసేశారో, వేరే లైటుకు కలిపారో. పేలిన ఎయిర్‌బ్యాగ్ కప్పిపుచ్చిన బండి కావచ్చు అది. అలాంటి బండిలో మనవాళ్లను కూర్చోబెట్టకూడదు, అంతకుమించి లెక్కలు అక్కర్లేదు.

బాడీ

పెయింట్ మందం కొలిచే మీటరు ఒకటి అరువు తెచ్చుకోండి. ఫ్యాక్టరీ పెయింట్ చాలావరకు 80-150 మైక్రాన్లు ఉంటుంది. 200-300 వస్తే రెండోసారి వేసినట్టు, 500 దాటితే కింద పుట్టీ ఉంది. బంపర్లు ప్లాస్టిక్, మామూలు మీటరు వాటి మీద పని చెయ్యదు. తలుపు గీసుకుపోతే వేయించిన పెయింట్‌కు బెంగ అక్కర్లేదు, ఆ ప్యానెల్ ఒక్కటే ఎక్కువ చూపిస్తుంది. రూఫ్, పిల్లర్లు, తలుపు తీస్తే కనిపించే గడప, డిక్కీ నేల, వీటిలో ఎక్కువ అంకె వచ్చిందంటే అస్థిపంజరమే కదిలింది. బానెట్ హింజ్ బోల్టులు, ఫెండర్ బోల్టుల మూలలు చూడండి, పానా పెట్టిన గీతలుంటే ఆ ప్యానెల్ ఊడదీశారు. అద్దాల మూలన తయారీ గుర్తులు ఉంటాయి, ఒక అద్దం మిగతావాటికన్నా కొత్తదైతే ఎందుకు మార్చారో అడగాలి.

వరద నీళ్లలో మునిగిన బండి ఎంత కడిగినా సీటు బెల్టు దగ్గర దొరికిపోతుంది. బెల్టును చివరిదాకా లాగండి, మడతల్లో బురద మరక, ముక్కిన వాసన ఉంటాయి. సీటు పట్టాల కింద తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, డ్రైవరు సీటు కింది కనెక్టర్లలో పచ్చటి పొర కనిపిస్తే ఎలక్ట్రికల్ సమస్యలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. పనోరమిక్ సన్‌రూఫ్ ఉంటే దాని డ్రైన్ గొట్టాలు మూసుకుపోయినా కార్పెట్ తడుస్తుంది. అలాంటప్పుడు తడి ముందు పాదాల దగ్గర, రూఫ్ అంచుల్లో ఉంటుంది, ఒండ్రు ఉండదు. రెండిటినీ కలిపి చూడకండి.

రీడింగ్ వెనక్కి తిప్పారేమో అనుమానమైతే సర్వీసు బిల్లులు, ఫిట్‌నెస్ లేదా తనిఖీ పత్రాలు, ఆయిల్ స్టిక్కరు వరసగా తేదీల ప్రకారం పెట్టి చూడండి, అంకె ఎక్కడా తగ్గకూడదు. టైరు గోడ మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. రీడింగ్ 28,000 అని చెప్పి, టైర్లు బండికన్నా రెండేళ్లు కొత్తవైతే మొదటి సెట్ ఎక్కడ అరిగిందో చెప్పమనండి. నునుపైన స్టీరింగ్, అరిగిన బ్రేకు పెడల్ రబ్బరు కూడా అదే చెబుతాయి.

బేరం అనేది అరుగుదల లెక్క

ఇంత చూశాక ఒక కాగితం మీద రాబోయే ఏడాదిలో తప్పని ఖర్చులు రాయండి. కొత్త టైరు ట్రెడ్ సుమారు 8 మి.మీ., చాలాచోట్ల చట్టం 1.6 దాకా ఒప్పుకున్నా తడి రోడ్డు మీద 3 కిందకు వెళ్లకూడదు. అంటే వాడుకోగలిగింది 5 మి.మీ. ఇప్పుడు 4 ఉంటే ఐదింట నాలుగు వంతులు అయిపోయాయి, టైర్ల సెట్ ధరలో ఆ నాలుగు వంతులు తీసి అడగండి. బ్రేకు ప్యాడ్లు కొత్తవి 10-12 మి.మీ., 3 దగ్గర మార్చాలి. స్టార్ట్-స్టాప్ (ఆగినప్పుడు ఇంజిన్ తనంతట తానే ఆగి మళ్లీ స్టార్టయ్యే ఏర్పాటు) ఉన్న బండి బ్యాటరీ మామూలుదానికన్నా ఖరీదు, 4 ఏళ్లంటే చివరికొచ్చింది. ఇంజిన్ ఆపి గంటలు గడిచాక 12.6 వోల్టులు చూపించాలి, 12.2 అయితే సగం చార్జే. బ్రేకు ఫ్లూయిడ్ రెండేళ్లకొకసారి, కూలెంట్ పుస్తకం ప్రకారం, సీవీటీ ఆయిల్, వెనక డిఫరెన్షియల్ ఆయిల్ 60,000కి. గడువు దాటినవాటికి పూర్తి ఖర్చు, సగం మిగిలినవాటికి సగం తీయండి. ఆ కాగితం అమ్మేవాళ్ల ముందు పెడితే గొంతు పెంచే పని ఉండదు. రెండో తాళం చెవి లేకపోతే అది కూడా రాయండి, కొత్తది తెచ్చి ప్రోగ్రాం చేయించడం చిన్న ఖర్చు కాదు. బండి మీద అప్పు ఉంటే తీరినట్టు పత్రం చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వాలి.

కొన్నాక అమ్మే రోజు కోసం చేసేవి కొన్నే. ఆయిల్ 10,000 కి.మీ. లేదా ఏడాది, ఏది ముందైతే అది. ప్రతి బిల్లు మీద రీడింగ్ రాయించండి, బయట మెకానిక్ దగ్గర చేయించినా సరే, ఏ గ్రేడ్ ఆయిల్ ఎన్ని లీటర్లు అనేది ఉండాలి. టైర్లు నాలుగూ ఒకేసారి, 10,000కి ఒకసారి ముందువి వెనక్కి మార్చండి. లైట్లు, అల్లాయ్‌లు మార్చే సరదా ఉంటే అసలువి దాచిపెట్టండి. అమ్మే ముందు కొత్త టైర్లు వేయిస్తే ఖర్చులో సగం కూడా తిరిగి రాదు, లోతు 3 పైన ఉంటే వదిలేయండి. వెలుగుతున్న హెచ్చరిక లైటును మాత్రం వదలకండి. చిన్న సెన్సరు పోయినా, కొనేవాళ్లు దాన్ని గేర్‌బాక్సు ఖర్చుగానే ఊహించుకుంటారు.

మీ బండి విషయంలో ముందు అడగాల్సింది ఒక్కటే, 58,000 లోపల సీవీటీ ఆయిల్ మార్చిన బిల్లు ఉందా అని. ఉంటే, వేడి మీద పరీక్షలో వణుకు లేకపోతే, ప్రకటనల్లో మీకు తేలిన మధ్య ధరకు దగ్గర్లో కొనండి. బిల్లు లేదు, బండి మాత్రం మెత్తగా నడుస్తోంది అంటే, రెండుసార్లు ఆయిల్ మార్చే ఖర్చు, డిఫరెన్షియల్ ఆయిల్ ఖర్చు, వాటితోపాటు రిస్కుకు మధ్య ధరలో ఇంకో 5 శాతం తీసి అడగండి, కొన్న వారంలోనే ఆ పనులు చేయించి బిల్లు దాచండి. 35 నిమిషాల తర్వాత 30 కి.మీ. వేగంలో ఏ కాస్త వణుకు వచ్చినా ఆ బండిని వదిలేసి, అదే మోడల్ ఇంకోటి చూడండి.